రోహిణి ఎండల్లో పెరటి పని: విశాఖలో తొలకరికి తోటను సిద్ధం చేయడం ఎలా

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో తోట పనేమిటని పారా గొప్పూ మూల పెట్టేసి, మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే విత్తనాల కొట్టుకు పరిగెత్తడం చాలా ఇళ్లలో అలవాటు. అప్పటికి మడి తవ్వి ఉండదు, గెత్తం (పశువుల పేడ ఎరువు) సగమే చివికి ఉంటుంది, వంగ నారు అసలు పోసే ఉండదు. మట్టి తడిసి జిగురుగా మారాక తవ్వితే గడ్డలు కడుతుంది. జూన్ అంతా అలా గడిచిపోతుంది. జూలైలో వేసిన బెండ పూతకొచ్చేసరికి ముసురు పట్టుకుంటుంది.

మే నెల ఎండ మొక్కను మాడుస్తుంది, నిజమే. మట్టిలో దాగిన తెగుళ్లను, పురుగు కోశాలను, కలుపు గింజలను కూడా అదే ఎండ మాడుస్తుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే ఆ వేడిని వాడుకోవాలి. కృత్తిక కార్తె మే 11 ప్రాంతంలో, రోహిణి 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో మొదలవుతాయి. మే మొదటి వారంలో పనిలోకి దిగితే తొలకరికి నలభై రోజుల దాకా చేతిలో ఉంటాయి. రోజూ తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఎనిమిది వరకూ చేస్తే చాలు. ఎనిమిది దాటాక తోటలో ఉండకండి, మిగతా పని సాయంత్రం అయిదు తర్వాతే.

విశాఖ ఊరంతా ఎండ ఒకేలా కాయదు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరుగుతుంది. వేడి కాస్త తగ్గినా ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. పెందుర్తి, గోపాలపట్నం వైపు ఆ గాలి ఆలస్యంగా చేరుతుంది, కొన్ని రోజులు చేరదు కూడా. పడమటి గాలి సముద్రపు గాలిని తోసేసిన రోజున ఊరు మొత్తం నలభై డిగ్రీలు దాటుతుంది. మీ పెరడు ఎటువైపు ఉందో చూసుకుని కింద చెప్పిన వాటిని సర్దుకోండి.

ఏది ఉంచాలి, ఏది పీకాలి

కరివేపాకు, నిమ్మ, జామ, మల్లె, మందార, మునగ లాంటి ఏళ్ల తరబడి ఉండే మొక్కలను కాపాడుకోవాలి. శీతాకాలంలో వేసిన టమాటా, కాపు అయిపోయిన బెండ, మాడిన చిక్కుడు తీగలను నీళ్లు పోసి ఈడ్చుకురావడం దండగ. పీకేయండి. ఆ నీళ్లు నిమ్మకు పోయండి.

వంగ ముదిరినా కాండం పచ్చగా, వేరు ఆరోగ్యంగా ఉంటే పీకనక్కర్లేదు. మే చివరి వారంలో నేలకు అడుగు ఎత్తున కత్తిరించి, కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూసి, మొదట్లో రెండు దోసిళ్ల గెత్తం వేసి తడి ఆరకుండా చూస్తే వానలు మొదలయ్యేసరికి కొత్త కొమ్మలు వేస్తుంది. మిగతా మొక్కలకు మాత్రం మే నెలలో కత్తెర పెట్టకండి. ఎండిన కొమ్మ తీయొచ్చు, పచ్చి కొమ్మ తీయకూడదు. ఆకుల నీడ పోయిన కాండానికి పడమటెండ తగిలితే బెరడు పగులుతుంది. కోత చోట వచ్చే లేత చిగురు వడగాలికి నల్లబడి రాలిపోతుంది.

పీకిన ప్రతి మొక్క వేరునూ చూడాలి. తోట పరిస్థితి ఆకుల కంటే వేళ్లలోనే ముందు తెలుస్తుంది. వేరును బకెట్ నీళ్లలో ముంచి మట్టి వదిలాక అరచేతిలో పరిచి చూడండి. తెల్లగా, సన్నగా, జుట్టులా విడివిడిగా ఉంటే ఆ మట్టి బాగున్నట్టే. అక్కడక్కడ ఉబ్బి, అల్లం కొమ్ముల్లా గడ్డలు కట్టి ఉంటే నులిపురుగులు పట్టాయి. చిక్కుడు, బొబ్బర్ల వేళ్ల మీద కూడా బుడిపెలు ఉంటాయి, వాటిని చూసి కంగారుపడొద్దు. అవి నత్రజనిని పట్టే మంచి బుడిపెలు. తేడా గోటితో తెలుస్తుంది. మంచి బుడిపె గిల్లగానే ఊడి వస్తుంది, చిదిపితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె వేరులో భాగం, గిల్లితే వేరే తెగుతుంది. అలాంటి వేళ్లను కంపోస్టులో వేయకండి, ఎండబెట్టి చెత్తబండికి ఇచ్చేయండి. ఆ మడికి ఒక గుర్తు పెట్టుకోండి. తర్వాత చెప్పబోయే ప్లాస్టిక్ షీటు కప్పే పని అక్కడి నుంచే మొదలవ్వాలి.

మట్టిని ఎండకు ఉడికించడం

మొత్తం పనిలో అతి ముఖ్యమైనది ఇదే, తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. తడి మట్టి మీద పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగుతుగా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే, పై రెండంగుళాల్లో వేడి యాభై డిగ్రీల దాకా పోతుంది. మొక్కను వాడబెట్టే శిలీంధ్రాలు, నులిపురుగులు, చాలా రకాల కలుపు గింజలు ఆ వేడిని తట్టుకోలేవు. అయితే రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే మడికే ఇది పనిచేస్తుంది. మామిడి నీడలో ఉన్న మడికి చేస్తే ప్లాస్టిక్ ఖర్చు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

షీటు తెల్లగా, అవతలిది కనిపించేలా ఉండాలి. నల్ల షీటు వేడిని తనలోనే పట్టుకుంటుంది, కింద మట్టి అంతగా కాగదు. కొట్టులో మందాన్ని గేజ్‌లో చెబుతారు. 100 గేజ్ అంటే 25 మైక్రాన్లు, 200 గేజ్ అంటే 50 మైక్రాన్లు. పలచని షీటు కింద మట్టి ఎక్కువ కాగుతుంది గానీ మన గాలికి త్వరగా చిరుగుతుంది. సముద్రానికి దగ్గరైతే 200 గేజే తీసుకోండి. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడికి 13 అడుగులు × 7 అడుగుల ముక్క కావాలి, అంచులు పూడ్చడానికి చుట్టూ అడుగున్నర మిగలాలి కాబట్టి.

ముందు మడిని పారతో అడుగు లోతు తిరగేసి నాలుగు రోజులు అలాగే వదిలేయండి. పైకి వచ్చిన పురుగు కోశాలను మైనాలు ఏరుకు తింటాయి, మిగిలినవి ఎండకు చస్తాయి. తర్వాత గడ్డలు చిదిపి, రాళ్లు, మోళ్లు ఏరి, పైభాగం చదును చేయండి. మోడు గుచ్చుకుంటే షీటు చిరుగుతుంది. ఎగుడుదిగుడుగా ఉంటే మట్టికీ షీటుకూ మధ్య గాలి చేరి వేడి పైనే ఆగిపోతుంది.

ఆ సాయంత్రం మడిని అడుగు లోతు వరకూ తడవనివ్వండి. 10 × 4 మడికి ఇది 120 నుంచి 150 లీటర్ల పని, పది బకెట్లకు తక్కువ కాదు. ఒక్కసారిగా గుమ్మరిస్తే పారిపోతుంది, రెండు మూడు విడతలుగా పోయండి. నీళ్లు వృథా అనిపించవచ్చు గానీ, పొడి మట్టి వేడిని లోపలికి దింపదు, పొడిగా నిద్రపోతున్న గింజా శిలీంధ్రమూ వేడికి సులువుగా లొంగవు. షీటు కప్పాక ఆ తడి బయటికి పోదు, మళ్లీ పోయాల్సిన పనీ లేదు.

మర్నాడు పొద్దున్నే చుట్టూ ఆరంగుళాల లోతు కాలువ తీయండి. షీటును బిగుతుగా లాగి, అంచులను కాలువలోకి దించి, మట్టితో పూడ్చి కాలితో తొక్కండి. అంచుల మీద రాళ్లు పెట్టి వదిలేస్తే ఆవిరి అక్కడి నుంచే పోతుంది. సరిగ్గా కప్పినట్టయితే తెల్లారేసరికి షీటు లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తాయి. బిందువులు లేవంటే ఎక్కడో చిరిగింది. వెతికి పారదర్శక టేపు అంటించండి. పిల్లులు, కుక్కలు మీద నడిచినా బొక్కలు పడతాయి, చుట్టూ నాలుగు పుల్లలు పాతి తాడు కట్టండి.

ఇలా చేస్తే తుంగ చస్తుందని ఆశపడకండి. దాని గడ్డలు లోతుగా ఉంటాయి, షీటు కిందే మొలిచి పైకి పొడుచుకొస్తాయి. తుంగ ఉన్న మడిలో షీటు కప్పే ముందే గునపంతో లోతుగా తవ్వి, గొలుసులా ఉండే నల్ల గడ్డలను ఏరాలి. ఒక్కసారికి పోదు, రెండు వేసవులు పడుతుంది.

షీటు తీశాక మడిని మళ్లీ లోతుగా తవ్వకండి. అడుగున చావకుండా మిగిలిన కలుపు గింజలు పైకి వస్తాయి, పడ్డ శ్రమంతా పోతుంది. పై రెండంగుళాలు గొప్పుతో కదిపి ఎరువు కలిపితే చాలు.

మిద్దె మీద కుండీలు, గ్రో బ్యాగులు ఉన్నవారు పాత మట్టిని బయటికి తీసి, వేళ్లు ఏరి, పిడికిట్లో ఉండ కట్టేంత తడిపి పారదర్శక సంచుల్లో నింపండి. సంచిని పడుకోబెట్టి మందం ఆరేడు అంగుళాలు మించకుండా పరవండి. సిమెంటు నేల కాగుతుంది కాబట్టి మూడు వారాలు సరిపోతాయి. వారానికోసారి తిరగేయండి. నిండుగా ఉన్న కుండీ మీద కవరు కడితే మాత్రం మధ్య మట్టి చల్లగానే ఉండిపోతుంది, ఉపయోగం లేదు.

గెత్తం పండించుకోవడం

ఆనందపురం, పెందుర్తి వైపు పశువులున్నవారి దగ్గర గెత్తం దొరుకుతుంది. బస్తా తెచ్చుకునే ముందు చేత్తో పట్టి చూడండి. చివికినది నల్లగా, పొడిపొడిగా, తడి మట్టి వాసనతో ఉంటుంది. గడ్డి పరకలు విడిగా కనిపిస్తున్నా, పేడ వాసన ఘాటుగా వస్తున్నా, లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా అది ఇంకా పచ్చిదే. పచ్చి పేడ మడిలో వేస్తే వేసవిలో చెదలు పడతాయి, వానల్లో వేరుపురుగు వస్తుంది, ఉడికే వేడికి లేత వేళ్లు మాడిపోతాయి. పచ్చిదే దొరికిందంటే నీడలో కుప్ప పోసి, తడుపుతూ, పది రోజులకోసారి తిరగేస్తూ వచ్చే పంటకు దాచుకోండి.

షీటు కింద మట్టి కాగినప్పుడు చెడ్డ శిలీంధ్రాలతోపాటు మంచివీ తగ్గుతాయి. అందుకే షీటు తీసేనాటికి ట్రైకోడెర్మా అనే మంచి శిలీంధ్రం పట్టించిన గెత్తం సిద్ధంగా ఉండాలి. కొలత ఇది: చివికిన గెత్తం 9 కిలోలు, వేపపిండి కిలో, ట్రైకోడెర్మా విరిడి పొడి 200 గ్రాములు. మూడూ నీడలో కలిపి, చారెడు బెల్లం కరిగించిన నీళ్లు చల్లుతూ తడపండి. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. కారిందంటే ఎక్కువైంది, కుళ్లు వాసన వస్తుంది, కాస్త పొడి గెత్తం కలపండి. అడుగు ఎత్తు కుప్ప చేసి తడి గోనెసంచి కప్పండి. మూడు రోజులకోసారి కలిపి సంచిని మళ్లీ తడపండి. వారం పది రోజులకు కుప్ప మీద తెల్లటి, ఆకుపచ్చని బూజు అల్లుకుంటుంది. అదే మనక్కావలసింది, పాడైందని పారేయకండి.

ఈ కుప్పను మే 28 ప్రాంతంలో మొదలుపెడితే మృగశిరకు అందుతుంది. ముందే చేసి ఎండలో ఉంచితే ట్రైకోడెర్మా చస్తుంది. ప్యాకెట్ కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. మే నెలంతా ఎండ పడే గాజు అల్మారాలో ఉన్న ప్యాకెట్ కంటే లోపల నీడలో ఉంచినది అడిగి తీసుకోవడం మేలు.

ఎంత వేయాలి? ఎకరాకు పది టన్నుల గెత్తం అని రైతులు వేసే లెక్క చదరపు మీటరుకు రెండున్నర కిలోలు అవుతుంది. 10 × 4 మడికి సుమారు 10 కిలోలు, అంటే పైన చెప్పిన కుప్ప ఒక మడికి సరిపోతుంది. మన ఎర్ర గరప నేలలకూ, తీరం వైపు ఇసుక నేలలకూ దీన్ని రెట్టింపు చేసినా నష్టం లేదు, అవి ఎరువును త్వరగా తినేస్తాయి. మధురవాడ వైపు కొత్త లేఅవుట్లలో చాలా పెరళ్లు గ్రావెల్‌తో ఎత్తు చేసినవే. అక్కడ పై అడుగు గ్రావెల్ తీసేసి మంచి మట్టి పోయకుండా ఎంత ఎరువు వేసినా గుణం కనిపించదు. మట్టి కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి ఎవరూ వెళ్లకూడదు, దాన్ని తవ్వి అమ్మేవాళ్ల దగ్గర కొననూ కూడదు. అది కాపాడుకోవలసిన భూవారసత్వ స్థలం.

ఎండాకాలం ఊరంతా బాదం, వేప, కానుగ ఆకులు రాలుతాయి. కాల్చకండి, సంచులకెత్తండి. సగం మట్టి మీద పరిచే ఆచ్ఛాదనకు, సగం కంపోస్టుకు పనికొస్తాయి.

నీళ్లు: కొలత, వేళ, ఉప్పు

ఒక చదరపు మీటరు మడి మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. మే నెల ఎండకు నిండుగా ఆకులున్న మడి రోజుకు అయిదారు లీటర్లు తాగుతుంది. అంటే 10 × 4 మడికి దాదాపు ఇరవై లీటర్లు. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే తిరుగుతాయి, పైమట్టే ముందు కాగుతుంది. రోజు విడిచి రోజు, తెల్లవారి ఆరులోపు, జానెడు లోతు తడిసేలా పోయండి. మర్నాడు పుల్ల గుచ్చి తీస్తే తడి మట్టి అంటుకోవాలి.

మిట్టమధ్యాహ్నం వాడిన గుమ్మడి, బీర ఆకులను చూసి నీళ్ల గొట్టం పట్టకండి. పెద్ద ఆకులు ఆ వేళకు వాలుతాయి, సాయంత్రానికి లేస్తాయి. తెల్లవారి కూడా వాలి ఉంటేనే నీరు చాలనట్టు. నీళ్లు పోస్తున్నా వాలే ఉంటే వేరు కుళ్లిందేమో తవ్వి చూడాలి.

కుండీల్లో వచ్చే కష్టం ఇంకొకటి. మట్టి, ముఖ్యంగా కోకోపీట్, పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు. మట్టి ముద్ద కుండీ గోడ వదిలేస్తుంది, పోసిన నీరు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రం గుండా వెళ్లిపోతుంది. పైన చూస్తే తడి, లోపల వేరు దగ్గర దుమ్ము. చిన్న కుండీలైతే నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి. పెద్దవైతే పుల్లతో అయిదారు చోట్ల పొడిచి, పావుగంట తేడాతో మూడు సార్లు కొంచెం కొంచెంగా పోయండి. కోకోపీట్ ఇటుక కొత్తగా తెచ్చుకుంటే నానబెట్టి, నీళ్లు లేత రంగుకు వచ్చేదాకా రెండు మూడు సార్లు కడగండి. కొబ్బరి పీచులోని ఉప్పు దిగాలి.

బోరు నీరు వాడేవారు, ముఖ్యంగా తీరానికి దగ్గరివారు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో ఒకసారి చూడండి. 450 లోపు ఉంటే నిశ్చింతగా పోయొచ్చు. 450 నుంచి 2000 మధ్య జాగ్రత్త కావాలి, ఆపైన కూరగాయలకు వాడొద్దు. బీన్స్ లాంటివి ముందు దెబ్బతింటాయి. ఆకు కొసలు, అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరగడం, కుండీ అంచున తెల్లటి పొర కట్టడం ఉప్పు గుర్తులు. అప్పుడు కొంచెం కొంచెంగా పోస్తే ఉప్పు పేరుకుంటూ పోతుంది. కుళాయి నీరు దొరికిన రోజున అడుగు నుంచి బాగా కారిపోయేలా ఒకసారి పోసి కడిగేయండి. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు ఉండదు, బకెట్ పెట్టి పట్టండి. ఆర్వో మిషన్ వదిలే నీటిలో మాత్రం ఉప్పు ఎక్కువ, కొలవకుండా పోయకండి.

కుళాయి నీరు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లకు మట్టికుండ పద్ధతి బాగా నప్పుతుంది. అయిదు లీటర్ల కొత్త మట్టికుండ, రంగు పూయనిది, మూతి ఇరుకైనది తీసుకోండి. నీళ్లు నింపి కొన్ని గంటలు ఉంచితే బయట చెమ్మ పట్టాలి, పట్టకపోతే అది తోటకు పనికిరాదు. మెడ వరకూ పాతి, నింపి, దోమలు పోకుండా మూత పెట్టండి. చుట్టూ అడుగు దూరం దాకా తడి ఉంటుంది, 10 × 4 మడికి మూడు కుండలు చాలు. సగానికి దిగగానే మళ్లీ నింపండి. ఉప్పు నీరు పోస్తే కుండ రంధ్రాలు పూడిపోతాయి, దీనికి మంచినీరే వాడాలి.

ఆచ్ఛాదన లేకుండా పోసిన నీటిలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. తడిపిన మట్టి మీద ఎండుటాకులు మూడంగుళాల మందం పరవండి. కాండానికి రెండంగుళాలు ఎడం వదలండి, ఆనితే మొదలు కుళ్లుతుంది. జామ, నిమ్మ పాదుల్లో కొబ్బరి బోండాం డొప్పలను చీల్చి, లోపలి వైపు కిందికి ఉండేలా బోర్లించండి. బండివాళ్లు అడిగితే ఊరికే ఇస్తారు. చెదలు కనిపిస్తే ఆచ్ఛాదన పక్కకు లాగి వేపపిండి చల్లి మళ్లీ కప్పండి.

నీడ, గాలి, పురుగు

కూరగాయలకు 35 శాతం, నారుకు 50 శాతం షేడ్‌నెట్ సరిపోతుంది. 75 శాతం వేస్తే మొక్క నీడలో సాగిపోయి పలచబడుతుంది. ఏడడుగుల ఎత్తున, పడమటి వైపు కొంచెం కిందికి వాలేలా కట్టండి. తూర్పు వైపు తెరిచి ఉంచండి, పొద్దుటెండ కావాలి. నెట్ ఆకులకు తగిలితే తగిలిన చోటల్లా మాడుతుంది. ముడులు లాగగానే ఊడేలా వేయండి, ఈదురుగాలి వచ్చిన సాయంత్రం రెండు నిమిషాల్లో దించగలగాలి.

మిద్దె మీద వేడి కింద నుంచి కూడా కొడుతుంది. కుండీలను ఇటుకల మీద నాలుగంగుళాలు లేపి, దగ్గర దగ్గరగా గుంపు చేసి, పెద్దవి పడమట, చిన్నవి వాటి చాటున పెట్టండి. నల్ల గ్రో బ్యాగుకు పడమటి వైపు గోనెపట్టా కట్టండి. అది లేక ఆ వైపు వేళ్లన్నీ ఉడికిపోవడం సాధారణంగా జరిగేదే.

బీచ్ వైపు ఇళ్లలో వారానికోసారి తెల్లవారి ఆకులను మంచినీటితో కడగండి. ఉప్పు పొర పోతుంది, ఆకు వెనక చేరే ఎర్రనల్లి కూడా పోతుంది. పొడి వేడికి ఎర్రనల్లి, తామర పురుగులు, మందార మీద పిండినల్లి ముదురుతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కాస్త సబ్బునీరు కలిపి, ఎండ దిగాకే కొట్టండి. పగలు కొడితే ఆకు మాడుతుంది. ఈ నలభై రోజులూ యూరియా జోలికి పోవద్దు.

మడులు, గుంతలు

షీటు కప్పకముందే మడి ఎత్తు తేల్చుకోండి, తర్వాత కదపడం కుదరదు. వానాకాలానికి నేల కంటే ఆరు నుంచి ఎనిమిదంగుళాల ఎత్తు కావాలి. వెడల్పు నాలుగడుగులు మించితే మధ్యకు చెయ్యి అందదు. సింహాచలం, మాధవధార లాంటి కొండవాలు ఇళ్లలో మడులు వాలుకు అడ్డంగా రావాలి. వాలు వెంట కడితే మొదటి పెద్ద వానకే గెత్తమంతా గెడ్డలో (వాగులో) కలుస్తుంది.

జామ, నిమ్మ నాటేందుకు రెండడుగుల గుంత మే నెలలోనే తీసి ఎండనివ్వండి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క పోయండి. నింపేటప్పుడు పైమట్టిలో 20 కిలోల గెత్తం, కిలో వేపపిండి, అరకిలో సూపర్ ఫాస్ఫేట్ కలిపి అడుగున వేయండి. నేలమట్టానికి ఆరంగుళాలు ఎత్తుగా నింపితే రెండు వానలకు సరిగ్గా కుంగుతుంది. అప్పుడు నాటండి.

నారు, విత్తనం

మిరప నారు మే 10–15 మధ్య, వంగ, టమాటా నారు మే 20–25 మధ్య పోస్తే జూన్ చివరికి నాటుకు వస్తాయి. ప్రోట్రేలో (నారు పెంచే గుంతల ట్రేలో) కడిగిన కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపి నింపి, అరసెంటీమీటరు లోతున గింజ వేసి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి. మొలక తల ఎత్తిన రోజే గుడ్డ తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలక తెల్లగా సాగి పడిపోతుంది. మిరపకు 40 మెష్ దోమల వల కట్టండి, ఆకుముడత వైరస్‌ను మోసే తెల్లదోమ నారులోనే అంటిస్తుంది. నారు మొదలు నీళ్లు పట్టినట్టు మెత్తబడి వాలిపోతే నారుకుళ్లు వచ్చినట్టు. నీళ్లు తగ్గించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. నాటడానికి వారం ముందు నుంచి నీళ్లు తగ్గించి, ఎండ పెంచండి.

నిరుటి విత్తనాలుంటే పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ఏడు మొలిస్తే వాడొచ్చు, అయిదయితే రెట్టింపు వేయాలి, అంతకంటే తక్కువైతే కొత్తవి కొనండి. మే నెలలో వంటింటి పై అరలో ఉంచిన విత్తనాలు చాలాసార్లు ఈ పరీక్షలో తప్పుతాయి.

పందిరి చిక్కుడు గురించి ఒక మాట. మన నాటు రకాలు పగలు పొట్టిబడితేనే పూస్తాయి. మేలో తొందరపడి విత్తినా అక్టోబరు, నవంబరు దాకా తీగ తప్ప పువ్వు కనపడదు. జూలైలో వేయండి.

తొలకరి పడ్డాక

మే చివర్లో ఉరుములతో ఒక గట్టి జల్లు పడి, తర్వాత పది రోజులు మళ్లీ కాయడం ఇక్కడ మామూలే. ఆ జల్లుకు విత్తనం వేస్తే మొలక బయటికొచ్చి మాడుతుంది. వాన వెలిసిన మర్నాడు మడి పక్క నేలలో జానెడు లోతు తవ్వండి. ఆ లోతు దాకా తడి ఉండి, ఆకాశం మబ్బు వదలకుండా ఉంటేనే షీటు తీయండి. గెత్తం కలిపి, రెండు రోజులు ఆగి విత్తండి.

బెండ అడుగున్నర వరుసల్లో అడుగుకో చోట రెండేసి గింజలు, మొలిచాక ఒక్కటే ఉంచండి. 10 × 4 మడిలో మూడు వరుసలు, ముప్పై మొక్కలు, నలుగురున్న ఇంటికి చాలు. బీర, కాకర, సొర పాదుకు మూడేసి గింజలు. కాకర పెంకు గట్టిది, పన్నెండు గంటలు నానబెట్టండి. గోంగూర, తోటకూర మిగిలిన చోట చల్లండి. నులిపురుగులు కనిపించిన మడిలో ఈసారి బెండ, వంగ, టమాటా, దోస జాతి వద్దు, బంతి నిండుగా వేయండి. దాని వేళ్లు నులిపురుగులను తగ్గిస్తాయి, పూలు దసరాకు పనికొస్తాయి. మబ్బు స్థిరపడగానే షేడ్‌నెట్ తీసి మడతపెట్టండి. మబ్బులో కూడా ఉంచితే బెండ నిటారుగా సాగి కాయదు.

పందిరి గుంజలు మాత్రం ఇప్పుడే గట్టిగా పాతుకోండి. విశాఖలో జూన్ కంటే అక్టోబరు వానలే ఎక్కువ, తుపాన్లూ అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊళ్లో చెట్లు ఎలా కూలాయో చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఏడడుగుల పందిరికి తొమ్మిదడుగుల గుంజ తీసుకుని రెండడుగులు నేలలో దించండి, మూలల నుంచి జీఐ తీగతో నేలకు లాగి కట్టండి. బొప్పాయి, అరటి గోడ చాటున పెట్టండి. మిద్దె మీద పిట్టగోడ పైన ఒక్క కుండీ ఉండకూడదు. తుపాను హెచ్చరిక వస్తే పొడవాటి గ్రో బ్యాగులను పిట్టగోడ వారగా పడుకోబెట్టి, నీరు పోయే తూముల్లో ఆకులు తీసేయండి.

ఒక మడిని కూరగాయలకు ఇవ్వకుండా జూన్‌లోనే జనుము చల్లి, పూత రాగానే కోసి అక్కడే తవ్వి కలిపేయండి. సెప్టెంబరులో పోసిన క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు నాటేందుకు అక్టోబరు నాటికి ఆ మడి తయారుగా ఉంటుంది.